ఎక్స్‌టెన్షన్ పోనంటోంది: ఫార్మాట్ చేయాలా, అక్కర్లేదా?

చంపావతి: శ్రీకాకుళంలో ఒక నెట్ సెంటర్ మెషీన్. విండోస్ 11, క్రోమ్. ఏదో పీడీఎఫ్ కన్వర్టర్ ఎక్స్‌టెన్షన్ (క్రోమ్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం) తగులుకుంది. ఏం వెతికినా ఇంకేదో సైట్‌కి లాక్కెళ్తోంది. రిమూవ్ బటన్ పనిచేయదు. మెనూ అడుగున 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అనుంది. ఫార్మాట్ తప్పదా?

కోట_జంక్షన్: ఫార్మాట్ కొట్టేయండి. మిగతాదంతా టైం వేస్టు.

నాగావళి: ఎందుకండీ ఫార్మాట్? అది పాలసీగా, అంటే ఆఫీసుల్లో అడ్మిన్ పెట్టే తప్పనిసరి సెట్టింగ్‌లా ఎక్కింది, అంతే. అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొట్టండి. 'ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్' (బలవంతంగా ఎక్కించేవాటి జాబితా) ఉంటే అందులో 32 అక్షరాల ఐడీ కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్స్ పేజీలో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, అక్కడి ఐడీతో పోల్చండి. రెండూ ఒకటే అయితే క్రోమ్ మూసేసి, రెజెడిట్ (విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీని మార్చే టూల్) అడ్మిన్‌గా తెరవండి. లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ దాకా వెళ్లి, ఆ ఫోర్స్‌లిస్ట్ కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసుకుని తర్వాత తీసేయండి. కరెంట్ యూజర్ కింద కూడా ఇదే దారి చూడాలి, చాలామంది దాన్ని ఒగ్గేస్తారు. ఆఫీసు వాళ్లు పెట్టిన మెషీనైతే మాత్రం ముట్టుకోవద్దు.

పైడితల్లి_పీసీ: రీసెట్ సెట్టింగ్స్ కొడితే చాలదా?

నాగావళి: చాలదు. రీసెట్ ఎక్స్‌టెన్షన్లను ఆపుతుంది, కుకీలు తుడుస్తుంది, పాలసీ జోలికి పోదు. క్రోమ్ తీసి మళ్లీ వేసినా రిజిస్ట్రీలో రాత అలాగే ఉంటుంది.

కోట_జంక్షన్: తీసేశారు సరే. రేపు మళ్లీ వస్తే? ఆ కీ రాసిందెవరో చూడక్కర్లేదా? పనుల్ని వాటంతటవే నడిపించే టాస్క్ షెడ్యూలర్ ఊసే ఎత్తలేదేం?

నాగావళి: అడగకముందే అరవొద్దు. టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీలో ఒక్కో టాస్క్ యాక్షన్స్ చూడండి. పవర్‌షెల్‌తో (విండోస్ కమాండ్ల టూల్) యాప్‌డేటా ఫోల్డర్‌లోని ఏదో స్క్రిప్ట్ నడుపుతుంటే అనుమానించాల్సిందే. ముందు దాన్ని డిసేబుల్ చేయాలి, తర్వాతే రిజిస్ట్రీ. వరస మారిస్తే కీ మళ్లీ పుడుతుంది. చివర్న విండోస్ యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్.

కోట_జంక్షన్: లోకల్ మెషీన్‌లో రాయాలంటే అడ్మిన్ హక్కు కావాలి. అంటే ఏదో ఇన్‌స్టాలర్‌కి ఎవరో 'ఎస్' నొక్కారు. అది ఇంకేం పెట్టిపోయిందో మీకెలా తెలుసు?

నాగావళి: మీకు కావాల్సింది ఫార్మాట్ చార్జీ! పాపం కస్టమర్ డేటా పోయినా పర్లేదు. పైగా ఫార్మాట్ చేసి అదే గూగుల్ అకౌంట్‌తో సింక్ (అకౌంట్‌లో దాచిన సెట్టింగ్‌లు మళ్లీ దిగడం) ఆన్ చేస్తే, వెబ్ స్టోర్ నుంచి వచ్చిన ఎక్స్‌టెన్షన్ మళ్లీ దిగిపోవచ్చు. అప్పుడేటంటారు?

టెక్కలి: మీ చార్జీల గొడవ తర్వాత. ఆ మెషీన్‌లో ఎవరెవరు లాగిన్ అయ్యారు?

చంపావతి: అందరూనండి. పరీక్ష దరఖాస్తులు, జీమెయిల్, బ్యాంకు. ఎక్స్‌టెన్షన్ డీటెయిల్స్‌లో 'అన్ని సైట్లలో డేటా చదవడం, మార్చడం' అనుంది.

కోట_జంక్షన్: అదీ సంగతి. ఆ అనుమతి ఉంటే పేజీలో కొట్టిన పాస్‌వర్డ్ చదవొచ్చు. కుకీల అనుమతి కూడా ఉంటే సెషనే, అంటే తెరిచున్న లాగినే, వాళ్ల చేతికి పోతుంది, ఓటీపీ అడ్డుపడదు. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే డేటా సెక్యూరిటీ కంపెనీ ఎక్స్‌టెన్షన్‌కి ఇదే పట్టింది: ఉద్యోగిని ఫిషింగ్‌తో బుట్టలో వేసి దొంగ అప్‌డేట్ ఎక్కించారు. కాబట్టి వచ్చినవాళ్లందరికీ చెప్పాలి.

నాగావళి: సెర్చ్ మళ్లించిందని పాస్‌వర్డ్‌లు కాజేసినట్టేనా? చదవగలగడం వేరు, చదవడం వేరు. అందరికీ చెప్పాలని బోర్డు పెడితే రేపట్నుంచి ఆ సెంటర్‌కి ఎవరొస్తారు? పాస్‌వర్డ్ మార్చుకోమంటే సరిపోతుంది, కారణం ఎందుకు?

టెక్కలి: కారణం చెప్పకపోతే ఎవరు మారుస్తారండీ?

కోట_జంక్షన్: మార్చడం కూడా సొంత ఫోన్‌లోంచే చేయాలి, ఆ మెషీన్‌లో కాదు. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలో 'యువర్ డివైసెస్' తెరిచి, ఆ కంప్యూటర్‌ని సైన్ అవుట్ చేయాలి. ఏ కంప్యూటరో, ఎందుకో చెప్పకుండా ఇదంతా ఎలా చేయిస్తారు?

నాగావళి: అద్దె కట్టేది మీరు కాదు కదా.

చంపావతి: షెడ్యూలర్‌లో పవర్‌షెల్ టాస్క్ దొరికింది. అడ్మిన్‌గానే నడుస్తోంది. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఫార్మాట్ చేస్తున్నా, సింక్ ఆన్ చేయను. ఇకమీద కస్టమర్లకి గెస్ట్ విండోనే, అందులో ఎక్స్‌టెన్షన్లు నడవవు. బోర్డు సంగతి ఓనర్‌తో మాట్లాడాలి, ఆయన నాగావళి గారి పక్షమే.