"జతచేయగలరు" అంటే జతచేయాలా? చేస్తే మంచిదనా?

విశాఖలో మా సీతమ్మధార అపార్ట్‌మెంటుకు రంగులు వేయించడానికి మొన్న కొటేషన్లు పిలిచాం. ఉప్పుగాలికి గ్రిల్స్ తుప్పుపట్టాయి, సముద్రం వైపు గోడలు పెచ్చులూడుతున్నాయి. తెలుగు నోటీసు రాసింది నేనే. అందులో మూడు వాక్యాలు చూడండి:

"గతంలో చేసిన పనుల ధ్రువపత్రాలు జతచేయగలరు."
"గ్రిల్స్‌కు రెడాక్సైడ్ రెండు పూతలు వేయవలెను."
"ముందుగా వచ్చి భవనాన్ని చూసుకొనవచ్చును."

అందరికంటే తక్కువ ధర వేసిన మేస్త్రీ ధ్రువపత్రాలు పెట్టలేదు. ఆయన కవరు పక్కన పెట్టేద్దామని కమిటీలో కొందరు పట్టుబట్టారు. పిలిచి అడిగితే, "మర్యాదకి అలా రాశారనుకున్నానండీ. తప్పదని రాసుంటే తెచ్చీవోణ్ణి కదా" అన్నాడు.

ఆయన చదివింది తప్పు కాదు. "గల" అసలు చెప్పేది సామర్థ్యాన్ని: ఈదగలడు, మోయగలడు. శుభలేఖలో "విచ్చేయగలరు" అన్నా, ఆఫీసు ఉత్తరంలో "గమనించగలరు" అన్నా అది మన్నన. రాకపోతే పెళ్లి ఆగదు. అలాంటి మాటను షరతులోకి తెచ్చి, తర్వాత దాన్ని పట్టుకుని ఒకరి కవరు తీసేయడం అన్యాయం.

"వచ్చును" ఇంకో చిక్కు తెస్తుంది. "చూడవచ్చు"కు వ్యతిరేకం "చూడరాదు". "వచ్చు"కు ఎదురుమాట "రాదు", కాబట్టి అనుమతి తిరగబడితే నిషేధమే అవుతుంది. "వలెను" తిరగబడ్డా అంతే: వలదు, వద్దు. "చేయకపోయినా ఫర్వాలేదు" అనే అర్థం ఈ రెండింటిలో ఏ దారినా రాదు. దానికి "అక్కరలేదు" అనే వేరే మాట కావాలి. ధ్రువపత్రం ఐచ్ఛికమని చెప్పదలిస్తే "జతచేయనక్కరలేదు" అని విడిగా రాయాల్సిందే.

మీరైతే ఎలా రాస్తారు?

▸ సాఫ్ట్‌వేర్ పనిలో మాకు దీనికో పద్ధతి ఉందండీ. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం మస్ట్ (తప్పనిసరి), షుడ్ (చేయడం మంచిది), మే (ఇష్టమైతే) అనే మాటల బరువును విడివిడిగా నిర్వచించింది. షుడ్ అంటే తగిన కారణం ఉంటే వదలొచ్చు, కానీ వదిలితే ఏమవుతుందో పూర్తిగా ఆలోచించుకుని వదలాలి. తెలుగు నోటీసుల్లో తరచూ తప్పిపోయేది ఈ మధ్య మెట్టే. "చేయదగును" సరిపోతుందేమో?

▸ క్రియ ఒక్కటే సరిపోదు బాబూ. కాంట్రాక్టు పనుల్లో ముప్పై ఏళ్లు ఉన్నవాణ్ణి, చెప్తున్నాను. "మీరు తప్పకుండా మా ఇంటికి రావాలి" అంటాం, అదీ "వలెను"కు వాడుక రూపమైన "ఆలి"యే కదా! షరతును షరతుగా నిలబెట్టేది, దాన్ని తప్పితే ఏమవుతుందో చెప్పే రెండో వాక్యం. 1991లో పొద్దార్ స్టీల్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చూసింది. వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ తుక్కు అమ్మకానికి టెండరు పిలిచింది. ధరావతు సొమ్ము నగదుగా గానీ, స్టేట్ బ్యాంకు మీద తీసిన డ్రాఫ్టుగా గానీ కట్టాలి. ఒకరు యూనియన్ బ్యాంకు చెక్కు ఇచ్చారు. అర్హతకు ప్రాణమైన షరతులు వేరు, వాటికి తోడుగా ఉండే షరతులు వేరు అని కోర్టు విడదీసి, ఇది రెండో రకం, దీన్ని సడలించవచ్చు అంది. మాట కటువుగా ఉన్నంత మాత్రాన షరతు ప్రాణం కాదు.

▸ (మొదట రాసినవారు) అయ్యా, ఆ రెండో వాక్యం నాకు తట్టలేదు. "చేయదగును" వ్యాకరణానికి బాగుంది గానీ మేస్త్రీలకు అందదు. "చేస్తే మంచిది, చేయకపోయినా కొటేషన్ చూస్తాం" అని విప్పి రాయడమే నయం. కమిటీని ఒప్పించి, కొటేషన్ ఇచ్చినవాళ్లందరికీ సమానంగా రెండు రోజులు గడువిచ్చాం. కొత్త నోటీసులో ఇలా మార్చాను:

"గతంలో చేసిన రెండు పనుల ధ్రువపత్రాలు జతచేయాలి. జతచేయని కొటేషన్‌లో ధర చూడం. భవనాన్ని ముందుగా వచ్చి చూసుకోవచ్చు. చూడకపోయినా కొటేషన్ చెల్లుతుంది."

"ధర చూడం" మరీ మొరటుగా ఉందని మా సెక్రటరీ గారు అంటున్నారు. మన్నన తగ్గకుండా ఇంతే గట్టిగా చెప్పే మాట ఎవరికైనా తోస్తే రాయండి, రేపు సాయంత్రం అతికించాలి.