850 హార్స్‌పవర్ డీజిల్‌కి హెచ్-బీమ్ కనెక్టింగ్ రాడ్లు ఆగుతాయా?

టెక్సాస్‌లో ఉంటాను. 2006 పికప్, 6.6 లీటర్ల వీ8 టర్బో డీజిల్. 1,600 ఆర్‌పీఎం దగ్గరే ఫుల్ టార్క్ వచ్చేలా ఇంజిన్ కంప్యూటర్ ట్యూన్ నేనే పెంచాను, తప్పు అక్కడే జరిగిందనుకుంటున్నాను. ట్రైలర్ లాగిన మర్నాటి నుంచి ఐడిల్‌లో వణుకు. ఇంజెక్టర్ మార్చినా పోలేదు. మూడో సిలిండర్ కంప్రెషన్ 280 పీఎస్ఐ, మిగతావి 380. లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోంచి గాలి కారుతోందా అని చూసేది) మాత్రం బాగానే ఉంది. హెడ్ విప్పి చూస్తే, టీడీసీలో (పిస్టన్ పైకి చేరే చివరి స్థానం) ఆ పిస్టన్ పక్కదానికంటే 1.5 మి.మీ. కిందే ఆగిపోయింది. పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిందన్నమాట.

ఎనిమిదీ మార్చేస్తున్నాను. చక్రాల దగ్గర 850 హార్స్‌పవర్ కావాలి, 3,800 ఆర్‌పీఎం దాటను. ఒక మెషిన్ షాపు 4340 అల్లాయ్ స్టీల్ హెచ్-బీమ్ (అడ్డకోత H ఆకారంలో ఉండేవి), ఏఆర్‌పీ 2000 అనే గట్టి రాడ్ బోల్టులు చాలంటోంది. ఇంకోటి ఐ-బీమే (I ఆకారంలో ఉండేవి) వేయమంటోంది, ధర దాదాపు రెట్టింపు. తక్కువ ఆర్‌పీఎంలో ఇంత టార్క్‌తో లోడు లాగినవాళ్లు చెప్పండి: మీ హెచ్-బీమ్ రాడ్లు వంగకుండా నిలిచాయా?