నాన్నకు స్టేజ్ 4 అని చెప్పాలా? ఈ దారి దాటొచ్చినవాళ్లు చెప్పండి

నాన్నకు 68 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, కాలేయానికీ ఎముకలకూ పాకింది. కీమో నడుస్తోంది. ఇది నయం చేయడానికి కాదు, బాధ తగ్గించి కొన్ని నెలలు కలిసొచ్చేలా చేయడానికేనని డాక్టర్ నాకొక్కడికే బయటికి పిలిచి చెప్పారు. నాన్నకు మాత్రం "ఊపిరితిత్తుల్లో నిమ్ము" అన్నాం. చెప్పనని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది.

ఆయనకు తెలియదంటే నేను నమ్మను. మొన్న అర్ధరాత్రి ఫోన్ వెలుతురులో స్కాన్ ఫైలు తిరగేస్తున్నారు. నన్ను చూసి దిండు కిందికి తోసేశారు. పొద్దున కాఫీ తాగుతూ, "ఒరేయ్, ఈ ఏడు మిర్చి మనమే వేద్దామా, చేను కౌలుకిచ్చేద్దామా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

నెట్‌లో చదివితే టెన్షన్ ఇంకా పెరిగింది. మొదటి నుంచే పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గిస్తూ, జబ్బు గురించి రోగితో విప్పి మాట్లాడే వైద్యం) అందిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో దిగులు తక్కువగా కనిపించిందని 2010 నాటి అమెరికా అధ్యయనం ఒకటి చెప్తోంది. జబ్బు నయం కాదని తెలిసినవాళ్లలో ఆందోళన ఎక్కువుందన్న పరిశోధనలూ ఉన్నాయి. ఆ ఆందోళన తెలియడం వల్లా, చెప్పిన తీరు వల్లా?

మీ ఇంట్లో చెప్పారా? చెప్పాక ఆ మనిషి తిండి, నిద్ర ఎలా మారాయి? "ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది నాన్నా?" అని ముందు ఆయన్నే అడగడం మంచిదా, డాక్టర్‌తో చెప్పించడమా? అమ్మను ఎలా ఒప్పించాలి? వచ్చే శుక్రవారం మళ్లీ కీమో ఉంది. ఆలోపు ఎవరైనా చెప్తే మేలు.