‘లిటరల్’ని ‘స్థిరాంకం’ అనొచ్చా?

ప్రశ్న: ప్రోగ్రాములో నేరుగా రాసే 18, 3.5, "సరే" లాంటి విలువలను లిటరల్ అంటారు కదండీ. తెలుగు పాఠంలో వీటిని స్థిరాంకాలు అని రాయొచ్చా?

జవాబు 1: వద్దండీ. స్థిర + అంకము, సవర్ణదీర్ఘ సంధి. మాటలోనే అంకె ఉంది. కొటేషన్లలో ఉన్న "సరే"ని స్థిరాంకం అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. వయోపరిమితి = 18 అని రాశామనుకోండి. 18 లిటరల్, వయోపరిమితి కాన్‌స్టంట్. మొదటిది రాసి చూపిన విలువ, రెండోది విలువ మారకూడని పేరు. రెంటికీ ఒకే మాట వాడితే చదివేవాళ్లు ఏది ఏదో తేల్చుకోలేరు.

జవాబు 2: ఈ తికమక ఇంగ్లీషులోనే ఉంది. సీ భాష ప్రామాణికం 18ని ఇంటీజర్ కాన్‌స్టంట్ అంటుంది, కొటేషన్లలో ఉన్నదాన్ని మాత్రం స్ట్రింగ్ లిటరల్ అంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో రెండూ లిటరల్సే. లాటిన్‌లో ఆ మాటకి మూలం అక్షరమే. మనకీ ‘అక్షరాలా నిజం’ ఉందిగా, ‘అక్షర విలువ’ అంటే?

జవాబు 3: అందంగా ఉంది గానీ, అక్షర విలువ అనగానే క్యారెక్టర్ (ఒక్క అక్షరాన్ని ఉంచే డేటా రకం) అనుకుంటారండీ. పైగా రాసింది రాసినట్టే ఉండదు. సీలో 010 అంటే పది కాదు, ఎనిమిది. ముందు సున్నా ఉంటే అష్టాంశ పద్ధతి (ఆక్టల్, ఎనిమిది ఆధారంగా లెక్కించేది) అని లెక్క. పైథాన్ 3లో అదే 010 రాస్తే తప్పు చూపిస్తుంది. 0.1 బైనరీలో కచ్చితంగా ఇమడదు, అందుకే 0.1 + 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. -2లో మైనస్ లిటరల్‌లో భాగం కాదు, విడి ఆపరేటర్. పైథాన్‌లో -2**2 విలువ -4 (** ఘాతం గుర్తు, మైనస్ కంటే ముందు దాన్నే లెక్కకడుతుంది). నాలుగు కావాలంటే (-2)**2 అని రాయాలి.

మన అంకెల సంగతీ చూడండి. పైథాన్‌లో పూర్ణాంకంగా మార్చే ఫంక్షన్‌కి "౧౮" స్ట్రింగ్‌గా ఇస్తే 18 ఇస్తుంది. అదే ౧౮ని కొటేషన్లు లేకుండా నేరుగా రాస్తే ఒప్పుకోదు. లిటరల్‌కి వ్యాకరణం వేరే ఉందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

నా మటుకు ‘లిటరల్’నే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘నేరుగా రాసిన విలువ’ అని విప్పి చెప్పడం మేలు. అచ్చుకి ఇచ్చేముందు కొటేషన్లు కూడా చూసుకోండి. వర్డ్ వాటిని వంకర గుర్తులుగా మార్చేస్తుంది. ఆ “సరే”ని కాపీ చేసి నడిపితే కంపైలర్ అక్కడే ఆగిపోతుంది.