లైనర్ స్లర్రీ: 9 నిమిషాలకే నైట్రోజన్ కొట్టేస్తోంది

రాత్రి షిఫ్ట్:
చమురు బావిలో లైనర్ (అడుగు భాగంలో దించే పైపు) వెనక నింపే సిమెంట్ స్లర్రీలోంచి నీళ్లు ఎంత కారిపోతాయో ల్యాబ్‌లో చూస్తున్నాను. 60 డిగ్రీల బావికి బాగా పనిచేసిన హెచ్‌ఈసీ (నీళ్లు కారకుండా వేసే సెల్యులోజ్ పాలిమర్) డిజైన్‌నే రిటార్డర్ (గట్టిపడటాన్ని ఆలస్యం చేసే మందు) మార్చి ఈ లైనర్‌కి వాడుతున్నాను. ఇక్కడ సర్క్యులేటింగ్ టెంపరేచర్ (స్లర్రీ పంపేటప్పుడు కింద ఉండే వేడి) 105 డిగ్రీలు. స్టిర్డ్ సెల్‌లో (స్లర్రీని వేడిలో కలిపి, జల్లెడ గుండా వడకట్టే పరికరం) నైట్రోజన్‌తో 1000 పీఎస్‌ఐ ఒత్తిడి పెట్టి వాల్వు తెరిస్తే 62 మి.లీ. నీళ్లొచ్చాయి, 9వ నిమిషంలో బుస్సుమని గ్యాస్ వచ్చేసింది. పద్ధతి ప్రకారం రెట్టింపు చేసి 30 నిమిషాలకు లెక్కగడితే 226 మి.లీ. అడిగింది 50 లోపు. డోసు పెంచితే స్లర్రీ మిక్సర్‌లోంచి ఒంపినా పడటం లేదు, గరిటెతో తీయాల్సి వస్తోంది. రేపు సాయంత్రానికి రిపోర్టు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పాత సిమెంటర్:
డోసు పెంచడం ఆపండి. హెచ్‌ఈసీ నీటిని చిక్కబరిచి, ఉబ్బి, కేక్‌లో (జల్లెడ మీద పేరుకునే సిమెంట్ పొర) సందులు మూస్తుంది. 80 దాటాక ఆ చిక్కదనం నిలవదు. పైన గరిటెతో తీసేంత చిక్కన, కింద నీళ్లధార, రెండు విధాలా నష్టమే. మీ వేడికి ఏఎంపీఎస్ కోపాలిమర్ (వేడిని తట్టుకునే సింథటిక్ పాలిమర్) వేయండి. అది సిమెంట్ రేణువులకే అతుక్కుని కేక్‌ను బిగిస్తుంది.

కాకపోతే నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను. ఓసారి ఇలాగే మార్చి 38 మి.లీ. తెచ్చుకుని సంబరపడ్డాను. తర్వాత థికెనింగ్ టైమ్ (స్లర్రీ పంపగలిగేంత పల్చగా ఉండే సమయం) చాలక రిటార్డర్ ఇంకాస్త కలిపాను. మళ్లీ సెల్ కడిగి బిగించడానికి బద్ధకం. పొద్దున్నే మా సీనియర్ పట్టుబట్టి చేయిస్తే 170! రేణువు మీద చోటు కోసం పాలిమర్, రిటార్డర్ రెండూ పోటీపడతాయి, రిటార్డర్ ముందు కూర్చుంది. అన్నీ కలిపాకే కొలవండి.

సెల్ విప్పినప్పుడు కేక్ ఎలా ఉంది?

కొత్తగా చేరా:
సార్, సెలోఫేన్ ఫ్లేక్స్ వేస్తే ఆగదా?

పాత సిమెంటర్:
అది వేరే జబ్బుకి మందు బాబూ. పగుళ్లలోకి స్లర్రీ మొత్తం పోతుంటే ఫ్లేక్స్. ఇక్కడ పోతున్నది నీళ్లే, సిమెంట్ అక్కడే ఉండి గట్టిపడుతుంది. అసలే లైనర్ వెనక గ్యాప్ ఇరుకు, అందులో ఫ్లేక్స్ ఇంకా అడ్డం పడతాయి.

రాత్రి షిఫ్ట్:
కేక్ రెండు వేళ్ల మందం, వేలు పెడితే దిగిపోయింది. ఏఎంపీఎస్‌తో, రిటార్డర్ కూడా వేసే చేశాను: 44 మి.లీ., గ్యాస్ రాలేదు. కేక్ పల్చగా, గోరు దిగనంత గట్టిగా ఉంది. థికెనింగ్ టైమ్ మాత్రం అవసరానికి మించి సాగింది, రిటార్డర్ తగ్గించాలి.

పాత సిమెంటర్:
తగ్గించాక సెల్ మళ్లీ బిగించండి.

రాత్రి షిఫ్ట్:
కడుగుతున్నాను సార్.