ప్లానింగ్ సీటీ అయ్యాక మళ్ళీ ఎమ్మారై ఎందుకు?

సుధీర్:
నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్. ఆపరేషన్ వద్దనుకుని రేడియేషన్‌కే వెళ్తున్నాం. బయాప్సీకి ముందే ఒక ఎమ్మారై అయింది, పోయిన వారం రేడియేషన్ ఎలా ఇవ్వాలో లెక్క వేసుకోవడానికి ప్లానింగ్ సీటీ తీసి ఒంటి మీద చుక్కలు పెట్టి పంపించారు. ఇప్పుడేమో ఇంకో ఎమ్మారై కావాలంటున్నారు. పాత సీడీ ఉంది కదండీ అంటే, అది వేరు ఇది వేరు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇన్ని స్కాన్‌లు తీస్తే ఒంట్లోకి ఎంత రేడియేషన్ పోతుందో అని అమ్మకి ఒకటే టెన్షన్. పైగా ఎమ్మారైలో చూస్తూనే కరెంటు పెట్టే మెషిన్లు వచ్చాయట, వాటికోసం ఆగాలా?

మాలతి (మెడికల్ ఫిజిసిస్ట్):
ముందు అమ్మగారికి చెప్పండి, ఎమ్మారైలో ఎక్స్‌రేలు అసలుండవు, అయస్కాంతమూ రేడియో తరంగాలే. పేస్‌మేకర్ లాంటిదేదైనా ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

ఇక అసలు సంగతి. ఏ కణజాలంలో ఎక్స్‌రే ఎంత ఆగిపోతుందో సీటీ బొమ్మలో ఒక్కో చోటుకి వచ్చే నంబరును బట్టే తెలుస్తుంది, అందుకే డోసు లెక్క మామూలుగా దాని మీదే వేస్తాం. కానీ అదే సీటీలో ప్రోస్టేట్, పక్కనున్న కండరం, మూత్రాశయం అడుగుభాగం అన్నీ దాదాపు ఒకే బూడిదరంగులో కలిసిపోయి కనిపిస్తాయి. గ్రంథి కింది కొస ఎక్కడ ఆగిందో చెప్పడం మరీ కష్టం. రేడియేషన్ ఎక్కడ తగలాలో చూపడానికి గ్రంథి చుట్టూ హద్దు గీస్తాం, సీటీ ఒక్కటే చూసి గీస్తే సాధారణంగా ఉన్నదానికంటే పెద్దగా గీస్తారు, ఆ ఎక్కువ గీసిన ముక్కలో మలాశయమో మూత్రనాళమో ఉంటే డోసు వాటికి తగులుతుంది. ఎమ్మారైలో ఆ అంచు తేటగా కనిపిస్తుంది కాబట్టి రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి సరిపెట్టి, గీత ఎమ్మారై చూసి గీస్తాం, డోసు సీటీ మీద వేస్తాం.

పాతది ఎందుకు పనికిరాదంటే, అది జబ్బు ఉందా లేదా చూడటానికి తీసింది. ఆ రోజు మూత్రాశయం ఎంత నిండిందో, మలాశయంలో గ్యాస్ ఎంతుందో, కాళ్ళు ఎలా పెట్టారో ఎవరూ పట్టించుకోరు. టేబుల్ కూడా కాస్త వంపుగా ఉంటుంది, మాదేమో బల్లపరుపు. మధ్యలో హార్మోన్ ఇంజెక్షన్లు మొదలై ఉంటే గ్రంథి చిన్నదై కూడా ఉండొచ్చు. సరిపెట్టేటప్పుడు మూడు నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చిందంటే ఎమ్మారై తీసి లాభమేముంది?

రేణుక (రేడియోథెరపీ టెక్నాలజిస్ట్):
మాలతిగారు చెప్పినదానికి ఇంకొకటి. సీటీ రోజు నీళ్ళు ఎన్ని తాగమన్నారో, ఎంతసేపు ఆగమన్నారో ఎమ్మారైకీ అచ్చం అలాగే చేయించండి, అక్కడివాళ్ళు వేరేగా చెబితే తప్ప. చాలామంది స్కాన్‌కి ముందు బాత్రూంకి వెళ్ళొచ్చేస్తారు, మళ్ళీ మొదటికే! గ్రంథి ఎక్కడుందో గుర్తుపట్టడానికి లోపల బంగారు గింజలు పెట్టి ఉంటే ఆ మాట కూడా చెప్పండి, సీటీలో తెల్లగా మెరిసేవి ఎమ్మారైలో నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి.

కిరణ్:
మా మామయ్యకి ఆ కొత్త మెషిన్ మీదే ఇచ్చారు. రోజూ బొమ్మ తీసి, గీతలు సరిచేసి, ప్లాన్ మార్చి, అప్పుడు ఇస్తారు. అంతసేపూ కదలకుండా పడుకోవాలి. నడుంనొప్పి ఉన్నవాళ్ళకి నరకమే. ఎమ్మారై పేరు చెప్పి హడావుడి ఎక్కువ చేస్తున్నారనిపించింది నాకు.

మాలతి:
కిరణ్‌గారూ, సమయం విషయం నిజమే, హడావుడి అంటే మాత్రం ఒప్పుకోను. వాటిని ఎంఆర్ లైనాక్ అంటారు, అంటే రేడియేషన్ ఇచ్చే మెషిన్ (లైనాక్), ఎమ్మారై రెండూ ఒకటిగా ఉండేవి. 2023లో వచ్చిన మిరాజ్ ట్రయల్‌లో ఎమ్మారై చూస్తూ ఇచ్చినప్పుడు గురి తప్పకుండా గ్రంథి చుట్టూ అదనంగా కలుపుకునే అంచు 4 మిల్లీమీటర్ల నుంచి 2కి తగ్గించారు. మొదటి మూడు నెలల్లో చెప్పుకోదగ్గ మూత్ర సమస్యలు సుమారు 43 శాతం నుంచి 24 శాతానికి తగ్గాయి. చిన్న తేడా కాదది. అయితే ఆ ట్రయల్ చూసింది సైడ్ ఎఫెక్టులనే, జబ్బు నయం కావడంలో తేడాని కాదు.

జబ్బు అదుపు సంగతికొస్తే ఫ్లేమ్ ట్రయల్ ఉంది. ఎమ్మారైలో కనిపించిన గడ్డకి మాత్రమే డోసు 95 గ్రే (రేడియేషన్ డోసు కొలత) దాకా పెంచితే, ఐదేళ్ళకి పీఎస్‌ఏ (జబ్బు తిరగబెడితే పెరిగే రక్తపరీక్ష అంకె) మళ్ళీ పెరగకుండా ఉన్నవాళ్ళు 85 శాతం నుంచి 92కి పెరిగారు. దానికి కొత్త మెషిన్ అక్కర్లేదు, మంచి ఎమ్మారై, జాగ్రత్తగా గీసే డాక్టరు, మామూలు లైనాక్ ఉంటే చాలు. అందుకే సుధీర్‌గారూ, మెషిన్ కోసం ట్రీట్‌మెంట్ వాయిదా వేయొద్దనే నా మాట. గడ్డకి విడిగా డోసు పెంచే వీలుందా అని మాత్రం డాక్టర్ని అడగండి.

సుధీర్:
అడుగుతానండీ. ఇంజెక్షన్ నెల క్రితమే మొదలైంది, అంటే పాత సీడీ ఇక పక్కన పెట్టేయొచ్చా?

మాలతి:
వద్దు, తీసుకెళ్ళండి. ఇంజెక్షన్ తర్వాత గడ్డ మసకబారుతుంది, మొదట ఎక్కడుందో చూసుకోవడానికి పాతదే కావాలి.