ఉపగ్రహాలను పేల్చే పరీక్షలు ఇక చేయబోమని భారత్ మాట ఇవ్వాలా?

పులికాట్ వాసి

మాది సూళ్లూరుపేట. శ్రీహరికోటలో రాకెట్ లేచిన ప్రతిసారీ మా ఇంటి కిటికీలు అదురుతాయి. చిన్నప్పటి నుంచి మేడ ఎక్కి చూడటం అలవాటు. 2023 జులై 14న చంద్రయాన్-3 వెళ్లిన రోజు కూడా మేడ మీదే ఉన్నాను. ఆ ప్రయోగాన్ని 4 సెకన్లు ఆలస్యం చేశారని తర్వాత ఇస్రో నివేదికతో తెలిసింది. అదే నెల 30న పీఎస్‌ఎల్‌వీ-సీ56ను ఒక నిమిషం ఆపారు. పైన తిరుగుతున్న వస్తువులేవీ దారిలో తగలకూడదని ఈ జాగ్రత్త. అది చదివినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

2019 మార్చి 27న మనం మిషన్ శక్తి జరిపాం. ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి వెళ్లిన క్షిపణి మన ఉపగ్రహం మైక్రోశాట్-ఆర్‌ను ముక్కలు చేసింది. ఆ ఉపగ్రహం అంతకు రెండు నెలల ముందు మా ఊరి పక్క నుంచే పైకి వెళ్లింది. అప్పటి డీఆర్‌డీవో అధిపతి జి.సతీష్ రెడ్డి గారు మా నెల్లూరు జిల్లా మనిషి. ఆ రోజు గర్వపడ్డాను, ఇప్పటికీ గర్వపడుతున్నాను.

తర్వాత 2021 నవంబర్‌లో రష్యా తన పాత ఉపగ్రహం కాస్మోస్-1408ను పేల్చింది. జాడ తెలిసిన ముక్కలే 1,500కు పైగా. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు తమ నౌకల్లోకి వెళ్లి తలదాచుకోవాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో అమెరికా ఇలాంటి పరీక్షలు ఇక చేయబోమని ప్రకటించింది. కెనడా, జపాన్, జర్మనీ, బ్రిటన్, దక్షిణ కొరియా, ఫ్రాన్స్ లాంటి దేశాలు అదే మాట ఇచ్చాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో ఇలాంటి పరీక్షలు వద్దంటూ తీర్మానం పెడితే 155 దేశాలు అనుకూలంగా, 9 వ్యతిరేకంగా ఓటేశాయి. 9 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. వాటిలో మనమూ ఉన్నాం.

నా అభిప్రాయం: మనం మాట ఇవ్వాలి. వాళ్ల కాగితం మీద సంతకం పెట్టక్కర్లేదు. 1998 మేలో పోఖ్రాన్ అయ్యాక ఏం చేశాం? అణుపరీక్షలను నిషేధించే సీటీబీటీ ఒప్పందంలో చేరలేదు. కానీ ఇక అణుపరీక్షలు జరపబోమని మనంతట మనమే ప్రకటించాం, నిలబెట్టుకున్నాం. ఇక్కడా అదే దారి ఉంది. మీరేమంటారు?

మాధవరం సిపాయి

నేను ఒప్పుకోను తమ్ముడూ. 24 ఏళ్లు ఆర్మీ సిగ్నల్స్‌లో చేసి రిటైరైనవాణ్ణి, తెలిసింది చెబుతాను.

అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో ఒక గీత గీశారు. 1967 జనవరి 1కి ముందు అణుపేలుడు జరిపినవాళ్లే అణ్వస్త్ర దేశాలు. 1964లో పేల్చిన చైనా లోపల, 1974లో పేల్చిన మనం బయట. ఆ ఒక్క తేదీకి మనం ఎన్ని దశాబ్దాలు మూల్యం కట్టామో అందరికీ తెలుసు. అతి శీతల ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ రాకెట్ ఇంజిన్ సంగతీ అంతే. 1991లో సోవియట్ సంస్థతో ఒప్పందం చేసుకుంటే 1992లో అమెరికా ఆంక్షలు వేసింది. 1993లో రష్యా టెక్నాలజీ ఇవ్వలేనంది, ఇంజిన్లు మాత్రం అమ్మింది. మన సొంత ఇంజిన్‌తో జీఎస్‌ఎల్‌వీ విజయం సాధించేసరికి 2014 జనవరి వచ్చింది.

అమెరికా 1985లో ఒక ఉపగ్రహాన్ని కూల్చింది, 2008లో ఇంకొకటి. తన అవసరం తీరాక నియమం తెచ్చింది. 2019లో మనవాళ్లు తొందరపడకపోయి ఉంటే ఈ గీతకు కూడా అవతలే ఉండేవాళ్లం. మొన్న ఆపరేషన్ సిందూర్ సమయంలో కనీసం 10 ఉపగ్రహాలు నిరంతరం కాపలా కాశాయని ఇస్రో ఛైర్మన్ నారాయణన్ గారే చెప్పారు. మనకు పైన కళ్లున్నట్టే అవతలివాడికీ ఉన్నాయి. ఆ కళ్లు మూసే ఆయుధం మీద ముందే మాట ఇచ్చి కూర్చోవడం నాకు మింగుడుపడదు.

ఉష, విశాఖ

సిపాయి గారూ, మీ ఆవేదన న్యాయమైనదే. కానీ ఆ తీర్మానం అడిగేది మీరు అనుకుంటున్నది కాదండీ. నేను అంతర్జాతీయ చట్టం పాఠం చెబుతాను కాబట్టి పదాల దగ్గర కాస్త పట్టుగా ఉంటాను.

1967 నాటి అంతరిక్ష ఒప్పందం అణ్వాయుధాలను కక్ష్యలో పెట్టొద్దంది. నేల నుంచి వెళ్లి ఉపగ్రహాన్ని కొట్టే క్షిపణి గురించి అందులో ఏమీ లేదు. 2022 తీర్మానం కూడా క్షిపణిని వదిలేయమనలేదు, దాచుకోవద్దనలేదు, యుద్ధంలో వాడొద్దనీ అనలేదు. నేల నుంచి క్షిపణి పంపి ఉపగ్రహాన్ని ముక్కలు చేసే *పరీక్ష* వద్దంది, అంతే. పైగా దానికి చట్టబద్ధమైన కట్టుబాటు లేదు.

చట్టబద్ధమైన ఒప్పందమే కావాలన్నది మన ప్రభుత్వ వైఖరి. సూత్రంగా అది సరైనదే. అయితే జెనీవాలోని నిరాయుధీకరణ సదస్సులో ఏ నిర్ణయానికైనా అందరూ ఒప్పుకోవాలి. సీటీబీటీ చర్చల తర్వాత అక్కడి నుంచి ఒక్క ఒప్పందమూ బయటికి రాలేదు. అంతరిక్ష ఆయుధాలపై రష్యా, చైనా 2008లో ముసాయిదా ఇచ్చాయి, 2014లో సవరించాయి. ఇప్పటికీ అది ముసాయిదాగానే ఉంది. ఆ ఒప్పందం వచ్చేదాకా ఆగుదామంటే పైన చెత్త పెరగడం ఆగదు కదా.

హన్మకొండ కుర్రాడు

ఒక డౌట్. ఈ ముక్కలు ఇన్‌శాట్‌లకు తగిలితే మనకు తుఫాను హెచ్చరికలు ఆగిపోతాయా? ఇంకోటి, మన ముక్కలు 45 రోజుల్లో రాలిపోతాయని అప్పుడు డీఆర్‌డీవో చెప్పింది. నిజంగా రాలిపోయాయా?

కక్ష్య లెక్కలు

తమ్ముడూ, మొదటిదానికి జవాబు: ఆగిపోవు. ఇన్‌శాట్‌లు భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఇప్పటిదాకా జరిగిన ఇలాంటి పరీక్షల ముక్కలు అంత దూరం పోలేదు. ప్రమాదమంతా కిందనుండి భూమిని ఫొటోలు తీసే కార్టోశాట్, రిసోర్స్‌శాట్ లాంటి ఉపగ్రహాలకు, అంతరిక్ష కేంద్రాలకు, ఆ పొర దాటి వెళ్లాల్సిన రాకెట్లకు.

రెండోది కొంచెం వివరంగా చెప్పాలి. మనం కొట్టింది సుమారు 283 కిలోమీటర్ల ఎత్తులో. దెబ్బ తగిలినప్పుడు కొన్ని ముక్కలు బాగా పైకి ఎగురుతాయి. ఎంత పైకి ఎగిరినా, కక్ష్యలో తిరిగే ముక్క గానుగెద్దులా ప్రతి చుట్టులో దెబ్బ తిన్న ఎత్తు దగ్గరికి మళ్లీ రావాల్సిందే. అక్కడ గాలి చాలా పలచనే, కానీ ఉంది. వచ్చిన ప్రతిసారీ ఆ గాలి కాస్త వేగం లాగేసుకుంటుంది. వేగం తగ్గితే ముక్క చేరే గరిష్ఠ ఎత్తు తగ్గుతుంది. అలా తగ్గుతూ తగ్గుతూ చివరికి కాలిపోతుంది. తక్కువ ఎత్తును ఎంచుకోవడం మన శాస్త్రవేత్తల వివేకం, అందులో సందేహం లేదు.

కానీ 45 రోజుల లెక్క అన్ని ముక్కలకూ సరిపోలేదు. ఎక్కువ భాగం త్వరగానే పోయాయి. 24 ముక్కలు అంతరిక్ష కేంద్రం కంటే పైకి వెళ్లాయని అప్పటి నాసా అధిపతి బ్రైడెన్‌స్టైన్ ఘాటుగానే అన్నారు. జాడ తెలిసిన వాటిలో ఆఖరిది రాలేసరికి 2022 వచ్చింది, అంటే మూడేళ్లు పట్టింది. ఇది మనం దాచాల్సిన విషయం కాదు, ఒప్పుకోవాల్సిన విషయం.

చైనా 2007 జనవరి 11న కొట్టింది దాదాపు 865 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ గాలి దాదాపు లేనట్టే. జాడ తెలిసిన ముక్కలు 3,000కు పైగా. చాలా ముక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, మన మనవల కాలంలోనూ తిరుగుతాయి. ఆ ఎత్తులో ఒక బోల్టు ఎదురొచ్చి తగిలితే దాని వేగం సెకనుకు 10 కిలోమీటర్లు దాటొచ్చు. తుపాకీ గుండు దాని ముందు ఏ మూలకు?

మాధవరం సిపాయి

మంచి వివరణ అన్నా, ధన్యవాదాలు. కానీ పులికాట్ తమ్ముడు 1998ని ఉదాహరణగా చూపించాడు, దాని రెండో వైపూ చూడాలి. ఆ పరీక్షల్లో పాల్గొన్న కె.సంతానం గారు 2009లో బయటికొచ్చి హైడ్రోజన్ బాంబు అనుకున్నంత శక్తితో పేలలేదన్నారు. ప్రభుత్వం, ఇతర శాస్త్రవేత్తలు కాదన్నారు. ఎవరిది నిజమో నేను తేల్చలేను. ఆయన మాటే నిజమైతే మళ్లీ పరీక్షించి సరిచేసుకునే వీలు ఏది? మాట ఇచ్చేశాం కదా! ఒక్కసారి గురి తగిలినంత మాత్రాన ఆయుధం చేతికొచ్చినట్టు కాదని ఏ సైనికుణ్ణి అడిగినా చెబుతాడు. సాధన లేకపోతే తుప్పు పడుతుంది.

కక్ష్య లెక్కలు

ఈ వాదనే అన్నిటికంటే బలమైనది. అయితే అణుబాంబుకూ దీనికీ ఒక తేడా ఉంది. బాంబును పేల్చకుండా పూర్తిగా పరీక్షించలేం. ఈ క్షిపణిని ఉపగ్రహం పేల్చకుండానే చాలావరకు పరీక్షించొచ్చు. మిషన్ శక్తిలో వాడింది బాలిస్టిక్ క్షిపణులను అడ్డుకునే పీడీవీ కుటుంబం నుంచి వచ్చినదే. 2017 ఫిబ్రవరిలో పీడీవీ దాదాపు 97 కిలోమీటర్ల ఎత్తులో గురిని కొట్టింది. అలాంటి పరీక్షలో ముక్కలు కక్ష్యలో నిలవవు, కిందికే వస్తాయి. ఉపగ్రహానికి కొద్ది దూరంలోంచి దాటిపోయేలా క్షిపణిని పంపి గురి చూసుకోవచ్చు కూడా. చైనా 2007 తర్వాత ఇంకో ఉపగ్రహాన్ని పేల్చలేదు, 2010 నుంచి క్షిపణి అడ్డగింత పరీక్షలు మాత్రం చేస్తూనే ఉంది. వాళ్ల సాధన ఆగిందని ఎవరైనా అంటారా?

డల్లాస్ తెలుగు

చిన్న మాట. 2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ మీద దాడి మొదలైన రోజే, ఇంటర్నెట్ అందించే కేఏ-శాట్ ఉపగ్రహ నెట్‌వర్క్‌ను హ్యాక్ చేశారు. ఉపగ్రహానికి గీత కూడా పడలేదు. నేల మీద వేలాది మోడెమ్‌లు చచ్చిపోయాయి. యుద్ధంతో సంబంధం లేని జర్మనీలో 5,800 గాలిమరలతో దూరం నుంచి ఉండే సంబంధం తెగిపోయింది. రేపటి యుద్ధంలో శత్రువు కళ్లు మూయడానికి పేల్చడం కంటే జామింగ్ (సిగ్నళ్లను అడ్డుకోవడం), హ్యాకింగే ముందు వస్తాయి. కాబట్టి ఈ మాట ఇవ్వడం వల్ల మనం వదులుకునేది చాలా తక్కువ. అంతే కాదు, మాట ఇచ్చేశాం కదా, పైన అంతా క్షేమం అనుకోవడం కూడా తప్పే.

ఉష, విశాఖ

అవునండీ, అందుకే దీన్ని మొదటి మెట్టు అంటున్నాను.

పులికాట్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. నా మొదటి పోస్టులో ఒక లోటుంది, సరిచేస్తాను. 1998 లాగా ఊరికే ప్రకటిస్తే సరిపోదు. సిపాయి గారి భయం తీరాలంటే రెండు విషయాలు స్పష్టంగా రాయాలి. ఒకటి, ఇది ముక్కలు మిగిల్చే పరీక్షలకే వర్తిస్తుంది, క్షిపణి రక్షణ పరీక్షలు యథాతథంగా సాగుతాయి. రెండు, రేపు ఎప్పుడైనా ఒప్పందం వస్తే 2019ని మన పరీక్షగా గుర్తించి తీరాలి.

2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు మా వీధిలో టపాసులు కాల్చారు. రేపు గగన్‌యాన్‌లో వెళ్లేది మా ఊరి పక్క నుంచే. 2035 నాటికి మన సొంత కేంద్రం కడతామంటున్నాం. అక్కడ మన పిల్లలు ఉంటారు. సిపాయి గారూ, ఈ రెండు షరతులతో అయితే ఒప్పుకుంటారా?

మాధవరం సిపాయి

మూడోది కూడా రాయి తమ్ముడూ. చైనా గానీ ఇంకెవరైనా గానీ మళ్లీ ఉపగ్రహాన్ని పేలిస్తే ఆ రోజు నుంచి మా మాట మమ్మల్ని కట్టిపడేయదు అని. ఆ వాక్యం ఉంటే నా అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం, నిజం చెప్పాలంటే, గీతలు గీసేవాళ్ల మీద నాకున్న అపనమ్మకం. అది ఒక్క థ్రెడ్‌తో పోయేది కాదు. కానీ ఆ పిల్లలు పైన ఉంటారన్న మాట మాత్రం రాత్రంతా ఆలోచిస్తాను.